షోడశకోర సంగ్రామము

శనివారపు మిట్టమధ్యాహ్నమున, లిఫ్టు చెడిన భవనపు మూడవ అంతస్తులో, ఆరవేసిన దుప్పట్లకును కంప్యూటరు బల్లకును నడుమనున్న మూరెడు జాగాలో, నొసట ముడుతలును వీపున చెమటయు దాల్చి, చక్రమొకటి ఊడిన కుర్చీని సింహాసనముగా అధిష్ఠించి, ప్రాసెసర్ల బలాబలములు చూపు గ్రాఫుల మీద గ్రాఫులను చదువుచున్న ఆ మహాపురుషుడెవ్వడు? దినమునకు నాలుగువందల పార్సిళ్ళపై ముద్ర గ్రుద్దు వజ్రబాహువు, పార్సిలాఫీసు గుమాస్తా, మన కథానాయకుడు! వినుడు. విననివారికి పోవునదేమియు లేదు, విన్నవారికి వచ్చునదియు అంతంతమాత్రమే, అయినను వినుడు.

గత ఆదివారము, నలుగురేసి జట్లుగా తుపాకులతో తలపడు ఆన్‌లైను క్రీడయందు, శత్రువెదుటబడిన క్షణముననే మన వీరుని తెర ఎప్పటివలెనే కొయ్యబారిపోయెను. అది మరల కదలుసరికి ఆయన నేలకొరిగియుండెను. జట్టు నాయకుడు పరాయివాడా అనగా, కాదు; స్వయానా భార్యకు తమ్ముడు, వయసున ఎనిమిదేండ్లు చిన్న, కళ్ళద్దాల దుకాణములో లోకుల చూపును చక్కదిద్దు ధీశాలి. అతడు బంధుత్వమును పక్కనబెట్టి ఇట్లు శాసించెను.

“బావా, కోపం తెచ్చుకోకు. వచ్చే ఆదివారం పదింటికి అర్హత పోటీ. ఇంకొక్కసారి నీ కంప్యూటర్ ఆగిందంటే నీ చోట్లో పళ్ళ డాక్టరమ్మను ఆడిస్తా. ఆవిడ జట్టులో చోటడిగి రెండు నెలలైంది.”

హా! బావమరిది చేతనే జట్టునుండి గెంటివేయబడుట! ఆ మాట తలపునకు వచ్చినప్పుడెల్ల గుమాస్తాకు నిజముగానే ఏడుపు వచ్చుచుండెను. వారమంతయు ముద్రలు గ్రుద్ది గ్రుద్ది అరిగిపోయిన ఆ మనిషి, తాను కూడ ఒక మనిషినని తలచుకొనునది ఆదివారపు ఆ రెండు గంటలే. అది పోయిన యెడల ఆయనకు మిగులునది సోమవారమే.

తప్పు ఆరుకోర్ల పాత ప్రాసెసరుదని నాయకుడు నెల క్రిందటనే తీర్పు చెప్పియుండెను. కోర్లనగా దాని కడుపులో పాటుపడు పనివాండ్రు. దానికి బదులుగా నిలిచిన వీరులిద్దరు: పదహారు కోర్ల మహాకాయుడొకడు, ఎనిమిది కోర్లతోబాటు క్యాషు మెమరీ యను పెద్ద చేతిసంచి గలవాడొకడు. వీరిలో నెవ్వని వరింపవలెనో తేలక, మూడు వారములుగా నిద్రాహారములు మాని (ఆహారము మానలేదు లెండి, చెప్పువారి అలవాటది), తుదకు ఆ శనివారపు సాయంకాలమున భార్యతోను బావమరిదితోను గూడి మన వీరుడు కంప్యూటరు దుకాణముపై దండెత్తెను.

గాజుబల్లపై రెండు పెట్టెలును వెలిసినవి. గుమాస్తా ఒక చేయి సాచి, “ఓయీ షోడశకోరసమన్వితా! ఓయీ అష్టకోరధురీణా! మీలో నెవ్వడు నా శత్రువుల కపాలములను బద్దలుచేయ సమర్థుడో, వాడు ముందుకు రావలయును! రెండవవాడు సిగ్గుతో తలవంచుకొని అలమారకేగవలయును!” అని గర్జించెను. అనగా, గర్జింపవలెనని ఆయన తలచెను. నోటినుండి వెడలినది మాత్రము ఇది: “రెండూ బాగానే ఉన్నాయండీ... మీరేమంటారు?”

దుకాణదారు నిట్టూర్చెను. “మీరు రావడం ఇది మూడోసారి సార్. పెళ్ళిసంబంధాలైనా ఇన్నిసార్లు చూడరు.”

“పదహారు తీసుకో బావా,” అని నాయకుడు ఎగదోసెను. “పదహారెక్కడ, ఎనిమిదెక్కడ!”

అప్పుడు, ఆసుపత్రి క్యాంటీనులో మూడువందల మందికి పూటపూటకు వండి వార్చు మహాసాధ్వి, గుమాస్తా అర్ధాంగి, సంచీ క్రిందబెట్టి నోరు విప్పెను.

“నువ్వు కాసేపు ఊరుకోరా. ఏమండీ, ఆ ఎనిమిదిదాంట్లో క్యాషో ఏదో ఉందట, అదేంటి?”

“పదేపదే కావాల్సిన సమాచారం దగ్గరే పెట్టుకునే చోటమ్మా,” అని దుకాణదారు బదులిచ్చెను.

“అయితే ఎనిమిదే ఇవ్వండి. పదహారుమంది వంటవాళ్ళుండి ఏం లాభం, ఉప్పు డబ్బా వీధి చివర ఉంటే? మనిషి అక్కడికెళ్ళి వచ్చేలోపు పొయ్యిమీదది మాడిపోతుంది. అయినా మీ ఆటలో ఒకేసారి పదహారు వంటలేం చేస్తారు?”

దుకాణదారు చేతులు జోడించెను. “అమ్మా, మూడు వారాల్నుంచి సార్‌కి నేను చెప్తున్నదీ ఇదే. ఉప్పు డబ్బా మాటొక్కటే నాకు తట్టలేదు.”

ఇట్లు మూడు వారముల మహాసమరము మూడు నిమిషములలో ముగిసెను. మన వీరుడు అంతయు తానే తేల్చినట్టు మీసము దువ్వుకొని పెట్టెను చంకనబెట్టుకొనెను.

ఇల్లు చేరినంతనే నాయకుడు స్క్రూడ్రైవరు చేబూని కంప్యూటరు ప్రక్కరేకును విప్పెను. పిడికెడు ధూళి లేచి ముగ్గురును తుమ్మిరి. ప్రాసెసరు నెత్తిన కూర్చుండి దాని వేడిని లాగవలసిన ఫ్యాను దిమ్మెను అతడు మెల్లగా ఊడబెరికెను. అంతట, అయ్యలారా, ఆ దిమ్మె అడుగున అంటుకొని, వేడికి పసుపుబారి, పల్చని ప్లాస్టికు పొర యొకటి కనబడెను.

భార్య దానిని వెలుతురుకు బట్టి చూచెను. “దీనిమీద ఏదో రాసుందిరా. ‘బిగించే ముందు ఈ పొర తీసేయండి.’ అంతంత అక్షరాలు!”

ఆమె తమ్ముని వైపు తిరిగెను.

“మూడేళ్ళ కిందట దీన్ని బిగించింది నువ్వే కదరా?”

పరుల చేత చీమతలకాయంత అక్షరములను చదివించి పొట్టబోసికొను ఆ నేత్రోద్ధారకుని మొగము కందగడ్డయాయెను. “వేడి బయటికి పోలేదన్నమాట బావా,” అని అతడు గొణిగెను. “వేడెక్కితే అది తనంతట తనే నెమ్మదిస్తుంది. అంటే... పాతదానికి ఏ జబ్బూ లేదు.”

గుమాస్తా నెత్తురు సలసల క్రాగెను. మూడేండ్ల అవమానమునకు బదులుగా బావమరిదిని ఉతికి ఆరవేయదగిన మాటలు డజనుకు తక్కువగాకుండ ఆయన గొంతులో బారులు తీరెను. కాని నేలమీద గొంతుకూర్చుండి స్క్రూలు ఏరుకొనుచున్న అతని బక్కవీపును చూచుసరికి జాలి కలిగెను.

“పాతదే ఉంచెయ్. మూడేళ్ళు రెయిన్‌కోటు వేసుకుని పరిగెత్తింది పాపం. కొత్త పెట్టె సీలు తీయలేదుగా, తిరిగిచ్చేద్దాం.”

పొర లాగివేసిరి, వేడిని లాగు పేస్టు పూసిరి, దిమ్మె బిగించిరి.

ఆదివారము పది గంటలకు సంగ్రామము మొదలయ్యెను. ఆహా, ఏమి ఆ తెర! నూనె పూసినట్టు జారుచుండెను. నాలుగవ నిమిషమున గోడచాటునుండి శత్రువొకడు వెలువడెను. కాలాంతకసన్నిభుడు, పార్సిల్‌ముద్రాచండుడు, మన గుమాస్తా, గురిచూచి, ఊపిరి బిగబట్టి, ముప్పది తూటాలను ఒక్కపెట్టున కురిపించెను. ముప్పదియు గోడలో దిగినవి. శత్రువు తాపీగా ఇటు తిరిగి, ఒక్క తూటాతో పని ముగించెను. నలుగురిలో మొట్టమొదట కూలినవాడు మనవాడే.

చెవికున్న హెడ్‌ఫోనులో నాయకుని గొంతు వినబడెను. “బావా... ఆగిందా?”

ఇదియే అసలు యుద్ధము! ఆగిందనిన యెడల చోటు పోవును, పరువు మిగులును. ఆగలేదనిన యెడల చేతగానితనము బట్టబయలగును. ఆగింది అను మాట మూడేండ్లుగా నోటికి అలవాటై నాలుక చివర సిద్ధముగా నుండెను. గుమాస్తా దానిని మ్రింగెను.

“లేదురా. ఒక్క క్షణం కూడా ఆగలేదు. అన్నీ చక్కగా కనబడ్డాయి. నాకే చేతకాలేదు.”

అవతల చిన్న దగ్గు వినబడెను. “సరే బావా. వచ్చే ఆదివారం గంట ముందు రా, గురి చూడటం నేర్పిస్తా. డాక్టరమ్మకు జట్టులో ఖాళీ లేదని చెప్పేస్తాలే.”

జయము, జయము! పదహారు కోర్లను కాదని, ఎనిమిది కోర్లను వాపసు చేసి, ఆరు కోర్లతోనే అందరికంటె ముందు చచ్చి, చచ్చియు జట్టులో నాలుగవ చోటును నిలబెట్టుకొనిన మహావీరునికి జయము! నవ్వువారు నవ్వుదురు గాక. కాని నవ్వుటకు ముందు ఒక్కసారి తమ తమ కంప్యూటర్లను విప్పి చూచుకొందురు గాక!