కొండ చాలని తేనెపెట్టె

కొండ మీది చలిగెడ్డ ఊరి తేనెపెట్టెల్లో కాపురం పెట్టిన నల్ల పెంకు పురుగులకు మాఘమాసంలో మండల కార్యాలయం స్థానికత పత్రం మంజూరు చేసింది. ఆ కాగితం తెచ్చిన గ్రామ రెవెన్యూ అధికారి కనకారావు, ముందు పెట్టెల యజమానురాలు రాస్మో ఇచ్చిన మంచినీళ్లు తాగి, తర్వాత చదివి వినిపించాడు.

గెమ్మెలి రాస్మోకు ఐదు పెట్టెలుండేవి. నాలుగింటిలో పురుగులు గుడ్లు పెట్టాయి. తేనె పులిసి నురగలా కారింది, తేనెటీగలు లేచిపోయాయి. మిగిలిన ఒక్కదాని ముందు ఆమె చీపురుతో కాపలా కూర్చుని ఉంది.

"ఇవి మన ఊరివి ఎలగైపోనాయి బాబూ? కింద నుంచి కదా వొచ్చినాయి?"

"వచ్చినవి వీటి తల్లులమ్మా. పిల్లలు మట్టిలో దూరి రెక్కలు తొడుక్కుంటాయి. మునుపు మన మట్టి చల్లగా ఉండేది, బతికేవి కావు. ఇప్పుడు వెచ్చబడింది. ఈ మట్టిలోంచే లేచాయి కాబట్టి ఈ ఊరివే."

"మరి నా ఈగలో? మా మాంగారి కాలం నించీ ఉన్నాయి."

కనకారావు నిబంధన వెతికాడు. "పెట్టెలో పుట్టాయి. పెట్టె స్టాండు మీదుంది. నేల తగల్లేదు."

చెప్పడానికి అతనికే బాధగా ఉంది. ఈగలు తాత్కాలిక నివాసులు గనక, చల్లని నేల దొరికేదాకా పైకి జరగాలని రాసి ఉంది.

రాస్మో పెట్టె నెత్తికెత్తుకుంది. "పెద్దమ్మీ, కదలకే," అని లోపలున్న రాణీఈగకు చెప్పింది. కనకారావు స్టాండు భుజాన వేసుకున్నాడు. రెండు వందల అడుగులకోసారి మట్టిలో థర్మామీటరు గుచ్చి, చూసి, తల అడ్డంగా ఊపాడు. మధ్యాహ్నానికి కొండ అయిపోయింది. శిఖరం మీద మట్టి కూడా వెచ్చగానే ఉంది.

అతను అక్కడే రాయి మీద కూర్చుని, మరో మూడు వందల అడుగుల కొండ కావాలని దరఖాస్తు రాశాడు. తొమ్మిదో రోజున మంజూరైంది. నిర్మాణం పూర్తయ్యేదాకా పెట్టెను నేలకు గానీ స్టాండుకు గానీ ఆననివ్వకుండా మనుషులే మోయాలని షరతు. అప్పటికే ఆ తొమ్మిది రోజులూ, వెచ్చని నేల మీద దించకూడదని, వాళ్లిద్దరూ మార్చి మార్చి మోస్తూనే ఉన్నారు. కనకారావు తన సెలవులన్నీ వాడేశాడు.

తర్వాత ఊరు కదిలింది. ఇంటికొకరు, పూటకొకరు చొప్పున హాజరు పట్టీ పెట్టారు. మోసేవాళ్ల చెవుల పక్కనుంచే ఈగలు పూలకు వెళ్లి వచ్చేవి. ఎవరినీ కుట్టలేదు. నెల తిరిగేసరికి పెట్టె ఎవరి నెత్తి మీదుందో చూడకుండానే నేరుగా వచ్చి వాలుతున్నాయి.

రాస్మో కొడుకు పెళ్లాం సుక్రి, తన వంతుకు పెట్టె అందుకుంటూ అడిగింది. "ఎన్నాళ్లు మొయ్యాల అత్తా?"

"సలొచ్చేదాకా."

"సలి ఎలగుంటాది?"

రాస్మో చెప్పబోయింది. ఎంత ఆలోచించినా మాట కుదరలేదు. "వొస్తే తెలుస్తాదిలే," అని కోడలి నెత్తి మీద చుట్టగుడ్డ సర్దింది.

ఆ ఏడాదే సుక్రికి ఆడపిల్ల పుట్టింది. చూడవచ్చినవాళ్లెవరూ పిల్లది ఎవరి పోలిక అని అడగలేదు. ముద్దుగా మెడ తడిమి చూసి, గట్టిదేనని సంతోషించారు.