బంతి విసిరేది కోచ్ గారే

బేస్‌బాల్‌లో పిచర్ అనే మనిషి ఒకడుంటాడనీ, బంతిని అతనే విసురుతాడనీ మీలో చాలామంది నమ్ముతున్నారు. పాపం, రెండేళ్ల కిందటి దాకా నేనూ అలాగే నమ్మాను. అది పచ్చి పొరపాటు. బంతి విసిరేది పిచింగ్ కోచ్. పిచర్ ఆ సమయానికి ఒక చెయ్యి తగిలించుకుని అక్కడ నిలబడి ఉంటాడు, అంతే!

నమ్మరా? అయితే మీరు ఒక్క శనివారం కూడా అమెరికాలోని మా కమ్మింగ్ ఊరి గ్రౌండ్‌కి రాలేదన్నమాట.

నేను పదో తరగతి దాకా మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాను. అక్కడ డ్రిల్ మాస్టారు ఒక్కరే. ఆయన దగ్గర ఒక విజిల్, ఒక వాలీబాల్ ఉండేవి. విజిల్ ఊదితే ఆడేవాళ్లం, మళ్లీ ఊదితే క్లాసుకు వెళ్లేవాళ్లం. మేం గెలిస్తే మేమే గెలిచామనుకునేవాళ్లం. ఎంత అజ్ఞానంలో బతికామో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

రెండేళ్ల కిందట మా దివాకర్ బాబాయి ఇంటికొచ్చాను; ఇక్కడ అలా కాదు. బాబాయి కొడుకు ధృవ్‌కి పదమూడేళ్లు. వాడు పిచర్, అంటే మన క్రికెట్లో బౌలర్ లాంటివాడు. వాడి టీమ్‌కి హెడ్ కోచ్ ఒకాయన ఉన్నారు గానీ ఆయన పేరు ఎవరికీ గుర్తుండదు. గుర్తుండేది పిచింగ్ కోచ్ పద్మనాభం గారు. ఆయన వారంలో ఐదు రోజులు సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ మేనేజర్. రెండు గంటల ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. దాన్ని లామినేట్ చేయించి మెళ్లో వేసుకుంటారు. ఆయన స్వయంగా బంతి విసరగా చూసినవాళ్లు ఎవరూ లేరు. అయితే ఏం? ఈత నేర్పే పుస్తకం తడవాలని రూలుందా?

టీమ్‌కి స్కోరు రాసేది నేను. మాట్లాడని పిల్ల చేతికి పుస్తకమూ పెన్సిలూ ఇస్తే పని చక్కగా సాగుతుందని మా ఉమ పిన్ని కనిపెట్టింది. అందువల్ల రెండు సీజన్లుగా కోచ్‌ల వెనక బెంచీ మీద కూర్చుని అన్నీ చూస్తున్నాను. ఈ విషయంలో నా మాటకు చాలా విలువుండాలి.

మార్చిలో ఒకనాడు ధృవ్ వరసగా ఆరుగుర్ని అవుట్ చేశాడు. “ప్రాసెస్ వర్క్ అవుతోంది” అని పద్మనాభం గారు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. నలభై రెండు దండాలు వచ్చాయి. మరుసటి వారం ధృవ్ వేసిన బంతిని అవతలి పిల్లాడు కంచె దాటించాడు. “ఎగ్జిక్యూషన్‌లో గ్యాప్ ఉంది” అని పెట్టారు. ప్రాసెస్ అంటే కోచ్ గారు. ఎగ్జిక్యూషన్ అంటే ధృవ్. ఇంత న్యాయంగా పని పంచుకున్న గురుశిష్యుల్ని నేను ఎక్కడా చూడలేదు. ఓడిపోబోయే మ్యాచ్ ఒకటి వానకు ఆగిపోతే, ఇద్దరు తల్లులు వెళ్లి ఆయనకే థాంక్స్ చెప్పారు. ఆయన వద్దనలేదు.

కోచ్ గారి పద్ధతి చూడాలి మీరు. ప్రతి శనివారం ప్రాక్టీసుకు ముందు పిల్లలందర్నీ గుండ్రంగా నిలబెట్టి, తన ఆఫీసులో లాగే స్టాండప్ మీటింగ్ పెడతారు. ఒక్కొక్కడూ మూడు సంగతులు చెప్పాలి: నిన్న ఏం వేశావు, ఇవాళ ఏం వేస్తావు, బ్లాకర్స్, అంటే పనికి అడ్డాలు, ఏమన్నా ఉన్నాయా.

ఏప్రిల్ మొదటి వారంలో ధృవ్ వంతు వచ్చింది.

“నిన్న ఫాస్ట్‌బాల్స్ వేశా అంకుల్. ఇవాళ కూడా ఫాస్ట్‌బాల్స్. నా ఎల్బో నొప్పి ఉంది.”

“అది బ్లాకర్ కాదు నాన్నా, అది ఇష్యూ,” అన్నారు పద్మనాభం గారు ఎంతో ఓపికగా. “బ్లాకర్ అంటే బాల్ లేకపోవడం. బాల్ ఉందా?”

“ఉంది.”

“చూశావా మరి. ఇష్యూ లాగ్ చేస్తా. ప్రయారిటీ మీడియం.”

మరుసటి వారం ఆ ఇష్యూ సంగతి ఆయనే అడిగారు. చూశారా శ్రద్ధ! “ఏదీ, ఆ నొప్పి ఇప్పుడు నా ముందు రిప్రొడ్యూస్ చెయ్, మళ్లీ తెప్పించి చూపించు,” అన్నారు. ధృవ్ చెయ్యి చాపాడు, ముడిచాడు. బంతి లేకుండా చాపితే నొప్పి రాలేదు. పద్మనాభం గారు లాప్‌టాప్ తెరిచి “రిప్రొడ్యూస్ కావట్లేదు” అని రాసి, దాన్ని మూసేశారు. ఇష్యూనీ, లాప్‌టాప్‌నీ కూడా.

ఇంట్లో మాత్రం పట్టించుకోలేదని అనుకోకండి. బాబాయి వెంటనే అడిగాడు.

“కోచ్‌కి చెప్పావా?”

“చెప్పా నాన్నా.”

“ఏమన్నారు?”

“మీడియం అన్నారు.”

“మరింకేం.”

పిన్ని బామ్ రాసింది. బామ్ వల్ల గ్రిప్ జారుతోందని కోచ్ గారు ఈమెయిల్ పెడితే వాడి చెయ్యి తుడిచేసింది.

ఇక్కడ లీగ్ వాళ్ల గొప్పతనం కూడా చెప్పాలి. పదమూడేళ్ల పిల్లాడు మ్యాచ్‌లో ఇన్ని బంతులకు మించి వేయకూడదని రూలు పెట్టారు. నా పుస్తకంలో ధృవ్ ఆ గీత ఎన్నడూ దాటలేదు. రోజూ సాయంత్రం బాబాయి గరాజ్ ముందు కోచ్ గారు వేయించే అరవై బంతులు నా పుస్తకంలోకి రావు. అవి బంతులు కావు, ప్రాక్టీసు. ఆ తేడా మోచేతికి తెలియకపోతే తప్పు మోచేతిదే కదా?

ఒకరోజు కార్లో వెనక సీట్లో ధృవ్ నాతో అన్నాడు. “అక్కా, బాల్ వదిలేటప్పుడు లోపల స్టింగ్ అవుతుంది. ఎవ్రీ టైమ్.”

“మానేస్తానని చెప్పు.”

“నో అక్కా. నాకు పిచింగ్ చాలా ఇష్టం. మానేయను. కొంచెం రెస్ట్ కావాలి, అంతే. చేయి పోతే మళ్లీ ఎట్లా వేస్తా?”

నేనెవరికి చెప్పను? పద్మనాభం గారితో రెండేళ్లలో నేను మాట్లాడింది “నమస్తే అంకుల్” ఒక్కటే. అందులోనూ సగం గొంతులోనే ఉండిపోయింది. ఇంటికెళ్లి డైరీలో రాశాను. డైరీ మొత్తం విన్నది. ప్రయారిటీ అడగలేదు.

మే నెలలో పెద్ద మ్యాచ్ వచ్చింది. హైస్కూల్ టీమ్ కోచ్ ఒకాయన పిల్లల్ని చూడటానికి వచ్చి గ్యాలరీలో కూర్చున్నారు. బాబాయి వీడియో తీయడానికి స్టాండ్ పాతాడు. నాలుగో ఇన్నింగ్స్‌కి వచ్చేసరికి ధృవ్ ప్రతి బంతి తరవాతా గ్లవ్ చాటున మోచెయ్యి నొక్కుకుంటున్నాడు. బంతి మాత్రం పోవాల్సిన చోటికే పోతోంది. అందరూ చూసేది బంతినే కదా.

అప్పుడు పద్మనాభం గారు అంపైర్‌ని టైమ్ అడిగి, ఆట ఆపించి మైదానం మధ్యకి నడిచారు. ఆయన దగ్గర నలభై ఒక్క పాయింట్ల చెక్‌లిస్ట్ ఉంది. అందులో మొదటి తొమ్మిదీ ధృవ్‌కి చదివి వినిపించి, తృప్తిగా వెనక్కి వచ్చి కూర్చున్నారు.

ఆ లీగ్ రూల్ పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివింది మా టీమ్ మొత్తంలో నేనొక్కదాన్నే. ఇంగ్లీషు వస్తుందేమోనన్న ఆశతో చదివాను. అందులో ఒక రూలుంది. ఒకే ఇన్నింగ్స్‌లో కోచ్ ఒక పిచర్ దగ్గరికి రెండోసారి వెళ్తే, ఆ పిచర్‌ని మార్చి తీరాలి. ఎవరూ వద్దనడానికి లేదు, కోచ్‌తో సహా.

ధృవ్ ఇంకో రెండు బంతులు వేశాడు. రెండోదానికి వాడి పెదవి పళ్ల కింద తెల్లగా అయిపోయింది.

నేను బెంచీ మీంచి లేచాను. స్కోరు పుస్తకం మూసి పక్కన పెట్టాను.

“అంకుల్,” అన్నాను.

పద్మనాభం గారు ఎవరు పిలిచారా అని ముందు అటూ ఇటూ చూశారు.

“ధృవ్ ముప్పై ఏడో పాయింట్ మర్చిపోయాడనుకుంటా అంకుల్.”

“ముప్పై ఏడా?” ఆయన చెక్‌లిస్ట్ తిరగేశారు. “లెఫ్ట్ షోల్డరా? అదేంటమ్మా, అది క్రిటికల్ కదా.” అంటూనే కాగితం చేత్తో పట్టుకుని మైదానంలోకి పరుగెత్తారు.

అంపైర్ చెయ్యి ఎత్తాడు. “సెకండ్ ట్రిప్, కోచ్. ద కిడ్ ఈజ్ డన్.”

“నో, నో. దిస్ ఈజ్ నాట్ సెకండ్ మీటింగ్,” అన్నారు పద్మనాభం గారు. “దిస్ ఈజ్ ఫాలో-అప్. సేమ్ మీటింగ్, సేమ్ ఎజెండా.”

అంపైర్ వినలేదు. మొదటి మీటింగ్ మినిట్స్ కూడా చూపిస్తానన్నారు. అంపైర్ చూడలేదు. ఫెన్స్ పట్టుకుని బాబాయి “రూల్ రూలే, కానీ వాడు బాగా వేస్తున్నాడు కదండీ,” అని తెలుగులో బతిమాలాడు. ధృవ్ వచ్చి నా పక్కన కూర్చుని చెయ్యిని ఒళ్లో పెట్టుకున్నాడు. మంచినీళ్ల సీసా మూత తిప్పబోయి, తిప్పలేకపోయాడు. అది ఉమ పిన్ని చూసింది. ఇష్యూ రిప్రొడ్యూస్ అయింది.

సోమవారం డాక్టర్ ఎక్స్‌రే తీయించింది. ఎదుగుతున్న ఎముక దగ్గర వాపు వచ్చిందట. ఇలాగే ఇంకో రెండు మూడు మ్యాచ్‌లు వేసి ఉంటే ఆపరేషన్ దాకా వెళ్లేదట. మూడు నెలలు బంతి ముట్టకుండా ఉంటే మళ్లీ మామూలుగా వేయొచ్చంది.

చూశారా, పిచింగ్ కోచ్ ప్రభావం ఎంతో! ధృవ్ ఆరు వారాలుగా రెండు భాషల్లో చెప్పినా ఎవరికీ చేరని సంగతిని, పద్మనాభం గారు ఇరవై అంగల్లో అందరికీ చేర్చారు. ఆయన కదలకపోతే ఆ చెయ్యి ఏమయ్యేదో ఊహించండి.

ఈ మాట నేనొక్కదాన్నే అనడం లేదు. జూన్‌లో సీజన్ ముగింపు పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం తెచ్చుకునే విందు, జరిగింది. పిల్లవాడి బాధ కనిపెట్టి, రూలును కూడా లెక్కచేయకుండా మైదానంలోకి దూకినందుకు పద్మనాభం గారికి షీల్డ్ ఇచ్చారు. “డేటాలో నాకు ముందే కనిపించింది,” అని ఆయన మైకులో చెప్పారు. నేను అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టాను. మనస్ఫూర్తిగానే కొట్టాను.

తరవాత అందరం పులిహోర ప్లేట్లు పట్టుకుని ఒక టేబుల్ చుట్టూ కూర్చున్నాం. బాబాయికి కొత్త ఆలోచన వచ్చింది.

“రెడ్‌మండ్‌లో ఒకాయన ఆన్‌లైన్‌లో లెఫ్ట్ హ్యాండ్ పిచింగ్ నేర్పిస్తాడట. ఈ మూడు నెలలు ఖాళీగా ఎందుకు, ఎడమ చెయ్యి రెడీ చేద్దాం.”

ధృవ్ ఫోర్క్ కింద పెట్టాడు. తండ్రి ముఖంలోకి చూస్తూ, ఒక్కో మాటా తెలుగులో కూడబలుక్కుని చెప్పాడు.

“నాన్నా, నాకు ఎడమ చెయ్యి వద్దు. మూడు నెలలు ఆగుతా. తర్వాత ఈ చేతితోనే వేస్తా. నాకు తెలుసు.”

బాబాయి ఆ మాట పూర్తిగా విన్నాడు. వాడి భుజం మీద చెయ్యి వేశాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

ఆ తరవాత పక్కకి తిరిగాడు.

“మీరేమంటారు, పద్మనాభం గారూ?”

పద్మనాభం గారు చెయ్యి తుడుచుకుని లాప్‌టాప్ తెరిచారు.