గద్వాలలో గ్రాఫిక్స్ కార్డు హత్య

“సుదర్శన్, రాసిపెట్టుకో. ఈ మూడు జిల్లాలల్ల నేరం చేసి నా కండ్లు కప్పి పోయేటోడు ఇంక తల్లి కడుపులనే పడలే!”

ఈ ప్రకటన చేస్తున్నప్పుడు డిటెక్టివ్ కురుమూర్తి చెయ్యి నా చొక్కా జేబులో బండి తాళంచెవి కోసం వెతుకుతోంది. అతనికి బండి లేదు. నాకు ఉంది. మా స్నేహానికి ఇంతకన్నా లోతైన కారణం ఏదైనా ఉందా అని చాలాసార్లు ఆలోచించాను గానీ దొరకలేదు.

మూడు జిల్లాలంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు. ఫోన్లో చదివిన డిటెక్టివ్ కోర్సు పట్టాను ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తిరిగే కురుమూర్తి, మూడింటిలోనూ కేసులు ఛేదించానని చెప్పుకుంటాడు. గట్టు ఊళ్ళో తప్పిపోయిన మేకను పట్టాడన్నది నిజమే. సాయంత్రం అది దానంతటదే ఇంటికొచ్చాక, గుమ్మం దగ్గర పట్టాడు. బిజినేపల్లిలో మోటారు దొంగను పట్టుకుంటే, ఆ దొంగ మోటారు సొంతదారేనని తేలింది. తన్నులు మాత్రం నాకు కూడా పడ్డాయి.

“ఈసారి ఏం పోయింది?” అన్నాను.

“పోలే. సచ్చింది,” అన్నాడు గొంతు తగ్గించి. “మా అక్క ఇంట్ల. గ్రాఫిక్స్ కార్డు.”

అతని అక్క పద్మమ్మ, బావ బాలకిష్టయ్య గద్వాలలో చేనేతవాళ్ళు. వాళ్ళ కూతురు స్రవంతి పగలు కంప్యూటర్ మీద చీరల అంచులకు బొమ్మలు గీస్తుంది, సాయంత్రం అదే కంప్యూటర్ మీద తుపాకి ఆటలు ఆడుతుంది. ఎక్కడో మూతపడిన నెట్ దుకాణం నుంచి కొన్న పాత గేమింగ్ కంప్యూటర్ అది. ఆటలో బొమ్మల్ని చకచకా కదిలించడం దాని లోపలుండే గ్రాఫిక్స్ కార్డు పని. ఆ పని ఇప్పుడు నడవడం లేదట.

మేము పోయేసరికి బాలకిష్టయ్య మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. పద్మమ్మ పక్కన కూర్చుని కండెలకు దారం చుడుతోంది. స్రవంతి తెర వైపు వేలు చూపించింది.

“సూడు మామా. నా మనిషి కాలు లేపి దించెతల్కి నలుగురు కాల్చి పోతున్నరు. ఆదివారం ఫైనలుంది. గిట్లనే ఉంటే నన్ను తీసేసి ఇంకోదాన్ని పెట్టుకుంటమంటుర్రు మా టీమోళ్ళు.”

తెర మీద ఒక సైనికుడు ఒంటికాలి మీద ధ్యానం చేస్తున్నాడు.

“కొత్త కార్డు కొంటే అయిపాయె,” అన్నాడు బాలకిష్టయ్య మగ్గం మీంచి తల ఎత్తకుండానే. “ఈ చీర వనపర్తి దుకాణానికి ఇచ్చేస్త. వాళ్ళ మనిషి రేపు వస్త అన్నడు.”

పద్మమ్మ చెయ్యి ఆగింది. మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.

ఆ చీర సంగతి నాకు తెలుసు. నేరేడుపండు రంగు ఒళ్ళు, ఆవపువ్వు రంగు అంచు, అంచు మీద స్రవంతి గీసిన చిలకలు. కొంగు ఒక్కటే మిగిలింది. అది పద్మమ్మ కోసమని నేస్తున్న చీర. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆ మగ్గానికి కండెలు చుట్టిన మనిషి, ఆ మగ్గం మీద దిగిన చీర ఒక్కటీ కట్టలేదు.

“అమ్మ చీర వద్దు నాయినా!” అంది స్రవంతి. “మామా, పాత కార్డు బాగైతదా? కాదంటే, ఈ ముసలి డబ్బాకు ఏ కార్డు సరిపోతది? గదొక్కటి చూసి చెప్పు సాలు.”

“జర పక్కకు జరుగు బిడ్డా. ఇది శవపరీక్ష,” అన్నాడు కురుమూర్తి.

కంప్యూటర్ డబ్బా వెనక భాగం గోడకు ఆనుకుని ఉంది. సందులో తల దూర్చి ఫోను లైటు వేశాడు. మరుక్షణం అతని అరుపు విని మగ్గం ఆగింది.

“రక్తం!”

డబ్బా వెనక ఎర్రటి మరక ఉన్న మాట నిజమే. కురుమూర్తి దాని అంచును వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. “పసుపు కలిసిన రక్తం. చేతబడి ముఠా పని!”

“దసరా నాడు పెట్టిన బొట్టు రా తమ్మీ అది,” అంది పద్మమ్మ. “మగ్గానికి పెట్టినట్టే దానికి గూడ పెట్టిన.”

“అక్కా! నిపుణులు పని చేసేటప్పుడు మధ్యల రావద్దు. బిడ్డా, కార్డుకు ఈ రోగం ఎప్పటిసంది?”

“దసరా కాణ్ణుంచి.”

“దసరాకు ముందు దీన్ని ఎవరు ముట్టిర్రు?”

“నాగేశన్న. దుకాణంల దుమ్ము ఊది ఇచ్చిండు.”

“దొరికిండు!” అని కురుమూర్తి తొడ చరిచాడు. నాగేశ్ అసలు కార్డు కాజేసి, లోపల ఉత్త రేకుముక్క పెట్టాడని అతని సిద్ధాంతం. జవాబు చెప్పిన మనిషి పక్కనే కూర్చుని దారం చుడుతోంది. ఆమె మాట వినడానికి ఆ ఇంట్లో ఎవరికీ తీరిక లేదు.

మర్నాడు నాగేశ్ దుకాణానికి మారువేషంలో పోయాం. మారువేషమంటే గద్వాల ఎండలో మంకీ క్యాపు, నల్లద్దాలు.

“రా కురుమూర్తన్నా. చాయ్ చెప్పాల్నా?” అన్నాడు నాగేశ్.

“నేను కురుమూర్తిని కాను. రాయచూరు నుంచి వచ్చిన వ్యాపారిని. గ్రాఫిక్స్ కార్డు గావాలె.”

“రాయచూరు వ్యాపారీ, మీ అక్కకూతురు కంప్యూటర్ కోసమేనా?”

బల్ల మీద ఎవరిదో కొత్త కార్డు ఉంది. ఇటుకంత లావు, మూరెడు పొడవు, మీద మూడు ఫ్యాన్లు. దాన్ని చూడగానే కురుమూర్తి వచ్చిన పని మరిచిపోయాడు.

“ఇదే గావాలె! మూడు ఫ్యాన్లు! ఎండకాలం మా అక్క ఇంట్ల అందరికి గాలి ఆడ్తది.”

“గది మీ డబ్బాల పట్టదన్నా. పొడుగెక్కువ.”

“కొస జర మలిస్తే?”

“కార్డన్నా అది, రొట్టె గాదు. డబ్బాల కరెంటు పెట్టె గూడ దీనికి ఆగదు. గది మార్చాలె. ప్రాసెసర్ గూడ ముసల్దే, కార్డు ఉరుకుతుంటే అది దమ్ము తీస్కుంటది. గది గూడ మార్చాలె.”

“అంటే మిగిలేదేంది?”

“స్రవంతి కుర్చీ.”

నిజానికి పాత కార్డు చచ్చిందో బతికిందో నాగేశ్ కూడా చూడలేదు. పాతదంటే పోయే ఉంటుందని కూర్చున్నచోటు నుంచే తేల్చేశాడు. అమ్మేవాడికి అదొక సుఖం. డబ్బాలో పట్టే ఒంటి ఫ్యాను కార్డు ఒకటుందని, సాయంత్రంలోపు చెప్తే పక్కన పెడతానని అన్నాడు. కురుమూర్తి మాత్రం గిరాకీల ముందర అతన్ని ‘కార్డుల హంతకుడా’ అని పిలిచి, మంకీ క్యాపు పీకి, నాటకీయంగా బయటికి నడిచాడు. చాయ్ డబ్బులు నేనిచ్చి, నాగేశ్‌కు దండం పెట్టి వచ్చాను.

సాయంత్రానికి వనపర్తి దుకాణం మనిషి సంచీతో సహా వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. కొంగు నేత పూర్తయింది. బాలకిష్టయ్య చీరను మగ్గం మీంచి కోయడానికి కత్తెర తీశాడు. పద్మమ్మ గోడ వైపు తిరిగి లేని పని ఏదో చేసుకుంటోంది.

“ఆగు బావా!” అన్నాడు కురుమూర్తి. “కేసు తేలింది. నేరస్తుడు ఈ అర్రలనే ఉన్నడు!”

“నాగేశ్ అన్నవ్ గదా బామ్మర్ది? వాడు దుకాణంల ఉన్నడు.”

“నాగేశ్ ఉత్త పావు. ఆడించేటోడు వేరే.” చేతులు వెనక్కి కట్టుకుని గదిలో పచార్లు మొదలుపెట్టాడు. “హత్య ఎట్ల జరిగింది? ఎందుకు జరిగింది? ఎవరికి లాభం?” ఒక్కో ప్రశ్నకు ఒక్కొక్కరి మొహంలోకి తొంగి చూశాడు. వనపర్తి మనిషి భయపడి సంచీ దగ్గరికి లాక్కున్నాడు. “ఈ కురుమూర్తి అడుగు వేస్తే…”

అడుగు వేశాడు. కాలికి వైర్లు చుట్టుకున్నాయి. కురుమూర్తి మగ్గం వైపు పడ్డాడు, కంప్యూటర్ పెట్టిన బల్ల గోడ వైపు ఒరిగింది. కంప్యూటర్ ఆగిపోయింది, తెర నల్లబడింది.

“మామా!” అని స్రవంతి నెత్తి కొట్టుకుంది.

“ఏం కాలే, ఏం కాలే!” అంటూ కురుమూర్తి పాకుకుంటూ సందులోకి చెయ్యి పెట్టాడు. కరెంటు వైరు గోడకు గుచ్చాడు. తెర నుంచి ఊడొచ్చిన వైరును డబ్బా వెనక తడుముతూ, చేతికి దొరికిన రంధ్రంలో కుక్కాడు.

“అయ్యో! బొట్టు చెరిపినవ్ గదరా!” అంది పద్మమ్మ.

కంప్యూటర్ మళ్ళీ మొదలైంది. బతికిందో లేదో చూద్దామని స్రవంతి ఆట తెరిచింది. సైనికుడు ఎత్తిన కాలు దించాడు. ఉరికాడు. గోడ దూకాడు, గుట్టెక్కాడు, ఎక్కడా ఆగలేదు.

స్రవంతి సందులో తల పెట్టి చూసింది. “నాయినా, దసరా నాడు వైర్లు పీకి తుడిచింది ఎవరు?”

“నేనే.”

“తెర వైరు మళ్ళ ఏడ పెట్టినవ్?”

“మీ అమ్మ కింది రంధ్రం మీద బొట్టు పెట్టింది. దేవునికి పెట్టిన బొట్టు మీద వైరెట్ల గుచ్చుత బిడ్డా? పైన గసుంటిదే ఇంకోటి ఖాళీగుండె. దాండ్ల పెట్టిన.”

“కిందిది కార్డుది నాయినా! పైది ఉత్త డబ్బాది. దసరా కాణ్ణుంచి కార్డు పనే లేక ఖాళీగ కూసుంది!”

“బొట్టని నేను నిన్ననే చెప్పిన,” అంది పద్మమ్మ. ఎవరూ ఆమె మొహంలోకి చూడలేకపోయారు. ఆటలో గుట్ట మీది శత్రువును కనిపెట్టే పిల్ల, తన డబ్బా వెనక ఒక్కనాడూ తొంగి చూడలేదు మరి.

“నేను కావాలనే పడ్డ,” అన్నాడు కురుమూర్తి దుమ్ము దులుపుకుంటూ. “దీన్నే ఘటనాస్థల పునర్నిర్మాణం అంటరు.”

అప్పుడు వనపర్తి మనిషి దగ్గాడు. “అన్నా, నేను అంత దూరం నుంచి వస్తి. చీర సంగతేంది?”

బాలకిష్టయ్య కత్తెర వైపు, ఆ మనిషి వైపు చూశాడు. “వచ్చిన బేరం… ఇచ్చేద్దాంలే పద్మా. నీకు ఇంకోటి నేస్త, ఇంతకన్న మంచిది…”

పద్మమ్మ లేచి మగ్గం దగ్గరికి వచ్చింది. చీర మీద చెయ్యి పెట్టింది.

“ఇప్పుడు ఏ కార్డు ఖరాబైంది?” అంది.

బాలకిష్టయ్య కత్తెర దించాడు. ఆయన అంత చిన్నగా అయిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆఖరికి “చీర అమ్మేది లేదన్నా. జర పోయి రా,” అన్నాడు గుమ్మం వైపు తిరిగి. ఆ మనిషి సంచీ దులుపుకుని పోయాక, చీర కోసి, మడత పెట్టి, రెండు చేతులతో ఆమెకిచ్చాడు. పద్మమ్మ కళ్ళు తుడుచుకోలేదు. లోపలికి పోయి కుంకుమ భరిణె పట్టుకొచ్చింది.

“చెరిపిన బొట్టు మళ్ళ పెట్టాలె,” అంటూ కంప్యూటర్ వైపు నడిచింది.

స్రవంతి రెండు చేతులూ చాచి డబ్బాకు అడ్డం పడింది. “వద్దమ్మా! నీ కాళ్ళు మొక్కుత!”

పద్మమ్మ కుంకుమ అద్దిన వేలు అట్లాగే పట్టుకుని గదంతా కలియజూసింది. చూసి, కురుమూర్తి నొసటి మీద ఇంత బొట్టు పెట్టింది.

“నీకు పెడితే ఏం ఆగదు రా తమ్మీ. లోపల ఏం నడుస్తలేదు గదా.”

కురుమూర్తి ఛాతీ విరుచుకుని నా వైపు తిరిగాడు.

“వీరతిలకం, సుదర్శన్. రాసుకో.”