పూలకుండీ లేని పరిశోధన

ఆ రోజు ఉదయం ఆకాశం చిల్లు పడ్డట్టు కురుస్తోంది. నేను ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో నీళ్ల గొట్టం పట్టుకుని విశ్వవిద్యాలయం ముందున్న పూలకుండీలకు నీళ్లు పెడుతున్నాను. ఇందులో వింతేమీ లేదు. ఉదయం ఏడు గంటలకు మొక్కలకు నీళ్లు పెట్టవలెనని పని పట్టికలో రాసి ఉంది. వాన వస్తే మానవలెనని రాసి లేదు. ఇరవై ఏళ్లుగా అక్కడ తోటమాలిని. పట్టికలో లేని పని సొంత తెలివితో చేసే మనిషిని కాను.

పై అంతస్తు కిటికీలోంచి రిజిస్ట్రార్ గారు నన్ను చాలాసేపు చూశారు. తర్వాత వెనక్కి తిరిగి, గదిలో కూర్చున్న కమిటీతో, "మనం వెతుకుతున్న మనిషి దొరికాడండీ" అన్నారట.

విషయం ఏమిటంటే, పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట డాక్టరేట్ కోరేవారు ఏ శాఖవారైనా సరే, తమ పరిశోధనను ఒక సామాన్యుడికి ఐదు నిమిషాల్లో అర్థమయ్యేలా చెప్పాలి. అర్థమైందని సామాన్యుడు ఒప్పుకుంటేనే పట్టా. ఉత్తర్వు మంచిదే. చిక్కల్లా విశ్వవిద్యాలయంలో సామాన్యుడు లేకపోవడం. అటెండరు దగ్గర్నుంచి అందరూ తమను తాము పరీక్షించుకున్నారు. ఎవరికి వారు కాస్త అసామాన్యులుగానే తేలారు.

బయటినుంచి తీసుకుందామని ప్రకటన ఇస్తే నాలుగు వందల పన్నెండు దరఖాస్తులు వచ్చాయి. అందులో అరవై మందికి డాక్టరేట్ ఉంది. ఉద్యోగం ఇస్తే చదివిందంతా మరిచిపోతామని హామీపత్రం కూడా జతచేశారు. ఇంత త్యాగబుద్ధి ఉన్నవాళ్లను సామాన్యులనడం భావ్యం కాదని కమిటీ వాళ్లను పక్కన పెట్టింది. ఆ సమయంలోనే వానలో నేను కనబడ్డాను.

నన్ను 'సామాన్య శ్రోత'గా నియమించారు. ఒక గది, ఫ్యాను కింద కుర్చీ, తల పైన 'సామాన్యుడు' అని బోర్డు. చేతికి రెండు జెండాలు ఇచ్చారు. అర్థమైతే ఆకుపచ్చది ఎత్తాలి, కాకపోతే ఎర్రది. నోరు విప్పే పని లేదన్నారు. అందుకే నాకూ ఉద్యోగం నచ్చింది.

కమిటీ అధ్యక్షుల వారిని అందరూ చాటుగా 'ఉపోద్ఘాతం గారు' అంటారు. ముప్పై ఏళ్లుగా ఆయన ఏ ప్రసంగంలోనూ అసలు విషయం దాకా వెళ్లలేదు. ప్రారంభం రోజున కూడా ఆయన, "జ్ఞానమనే వెలుగు ఈ నాలుగు గోడలు దాటి సామాన్యుడి గుమ్మం దాకా వెళ్లాలి! అయితే గోడలు దాటడం గురించి చెప్పేముందు, గోడ అంటే ఏమిటో చూద్దాం" అని మొదలుపెట్టారు. భోజనాల వేళకు మూడో గోడ మీద ఉన్నారు.

మొదటి వారం పద్దెనిమిది మంది చెప్పారు. ఒకాయన భౌతికశాస్త్రం. ఆయన ఎనిమిదేళ్లు వెతికిన కణం, దాని పేరు పలికేలోగా పుట్టి పోతుందట. పేరు మాత్రం చాలా పొడుగ్గా పెట్టారు. చరిత్రవారు అసలు రాయని ఒక శాసనం ఎప్పుడు పోయిందో కనిపెట్టారు. భాషాశాస్త్రం అమ్మాయి జనం 'ఆఁ' అనే మాటను పదకొండు రకాలుగా అంటారని చెప్పి, పదకొండూ వినిపించింది. పక్క గదివాళ్లు ఎవరికో ఒంట్లో బాగాలేదని పరిగెత్తుకొచ్చారు. తత్వశాస్త్రం ఆయన నేను కూర్చున్న కుర్చీ ఉందో లేదో రుజువు చేయాలి కాబట్టి కాసేపు లేవమన్నారు. ఐదు నిమిషాలూ నిలబడ్డాను. ఇంకా తేలలేదన్నారు.

పద్దెనిమిది మందికీ ఎర్ర జెండా ఎత్తాను.

వెంటనే అన్ని శాఖలూ కలిసి ఫిర్యాదు రాశాయి. అన్ని శాఖలూ ఒకే కాగితం మీద సంతకం పెట్టడం విశ్వవిద్యాలయం పుట్టాక అదే మొదటిసారి. సామాన్యుడు తగిన స్థాయిలో లేడని దాని సారాంశం. కమిటీ నాకు మూడు రోజులు 'అవగాహన శిక్షణ' ఇప్పించింది. 'అంటే' అన్నప్పుడు కళ్లు కాస్త చిన్నవి చేయాలి. 'కాబట్టి' అన్నప్పుడు ఒకసారి తలూపాలి. 'మరో మాటలో చెప్పాలంటే' అన్నప్పుడు రెండుసార్లు ఊపి, చిన్నగా నవ్వాలి. నవ్వు దగ్గర కాస్త కష్టపడ్డాను గాని నెగ్గాను.

పరిశోధకులకూ ఒక నిబంధన పెట్టారు. సామాన్యుడు తోటమాలి కనుక, ప్రతి పరిశోధనకూ తోటపని నుంచి ఒక ఉదాహరణ ఇచ్చి తీరాలి. ఫారంలో దానికి ఒక గడి కూడా గీశారు.

అక్కణ్ణుంచి పని సాఫీగా సాగింది. న్యాయశాస్త్రం కంచె అయింది. అర్థశాస్త్రం నీళ్ల గొట్టం అయింది. మెదడు పూలకుండీ, సమాజం పూలకుండీ, ఏడు కొలతలున్న ఒక ఆకారం కూడా పూలకుండీయే, కాకపోతే అందులోంచి ముందు కుండీని తీసేసి చూడాలి. మూడు నెలలు తిరిగేసరికి లోకంలో పూలకుండీ కానిది ఏదీ మిగల్లేదు. నేను వరసగా ఆకుపచ్చ జెండా ఎత్తుతూ వచ్చాను. నూటికి ఎనభై ఐదు పాళ్లు అవగాహన అని రాసి గుమ్మం మీద గుడ్డ కట్టారు.

సాయంత్రం ఇంటికి వెళ్తే మా ఆవిడ అడిగేది. "ఇవాళ ఏం తెలిసింది?"

"వెలుగు వంగుతుందట."

"ఎందుకు?"

"చెప్పలేదు. పూలకుండీలాంటిదట."

"నువ్వు అర్థమైందని జెండా ఎత్తావా?"

"ఎత్తాను."

"నాకు మాత్రం ఇరవై ఏళ్లలో ఒక్క జెండా ఎత్తలేదు. వంటింటి కొళాయి కారుతోందని నెల్రోజులుగా చెప్తున్నా. దాన్నీ పూలకుండీ అనుకోమంటావా?"

ఆవిడకు శిక్షణ లేదు. అందుకే ప్రతిదానికీ ఎందుకు అంటుంది.

ఇలా ఉండగా ఒక నెలాఖరు రోజున మొక్కల వేర్ల మీద పరిశోధన చేసే అమ్మాయి వచ్చింది. ఈ అమ్మాయిని నేను ముందే ఎరుగుదును. ఎరుగుదును అంటే, ఆరేళ్ల కిందట రాత్రిళ్లు నా మొక్కల మొదళ్లు ఎవరో తవ్వి పోతుంటే పందికొక్కు అనుకుని రెండుసార్లు బోను పెట్టాను. ఒక తెల్లవారుజామున బోను పక్కన గునపంతో ఈ అమ్మాయి కనబడింది. "పందికొక్కును కాదు బాబాయ్, పరిశోధనను" అంది. అప్పుడే బోను తీసేశాను. ఆరేళ్లలో ఆ అమ్మాయి గోళ్లలో మట్టి పోయిన రోజు లేదు. మొక్కల కేంద్రంలో ఉద్యోగం వచ్చింది గాని, ఆ సాయంత్రంలోగా పట్టా చూపించకపోతే అది వేరేవాళ్లకు పోతుంది.

అమ్మాయి మైకు పక్కకు జరిపి చెప్పింది. "రోజూ పైపైన నీళ్లు పోస్తే తడి పైనే ఉంటుంది. వేరు తడి ఉన్న చోటే తిరుగుతుంది, కిందికి దిగదు. ఒక్కరోజు నీళ్లు లేకపోతే మొక్క వాలిపోతుంది. అదే వారానికోసారి లోతుగా తడిపితే వేరు నీళ్లు వెతుక్కుంటూ కిందికి దిగుతుంది. నాలుగు వందల మొక్కలు తవ్వి కొలిచాను. అంతేనండీ."

రెండు నిమిషాలు కూడా కాలేదు. ఆ అమ్మాయి 'అంటే' అనలేదు, 'కాబట్టి' అనలేదు. ఎక్కడ తలూపాలో తెలియక వినాల్సి వచ్చింది. వినేసరికి, అర్థమైపోయింది.

అర్థమైతే మనిషికి ఏమవుతుందో శిక్షణలో చెప్పలేదు. నేను లేచి నిలబడ్డాను.

"అమ్మా, అయితే ఇరవై ఏళ్లుగా నేను రోజూ పోస్తున్న నీళ్లు మొక్కలకు మేలా, కీడా?"

"కీడే బాబాయ్" అంది అమ్మాయి, నొచ్చుకుంటూ.

సామాన్యుడు ప్రశ్న అడిగాడు! ఫారంలో ప్రశ్నకు గడి లేదు. రిజిస్ట్రార్ గారు కలం మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశారు. నేను తొందరగా ఆకుపచ్చ జెండా ఎత్తాను గాని అప్పటికే ఆలస్యమైంది.

ఉపోద్ఘాతం గారు మొట్టమొదటిసారి నేరుగా విషయానికి వచ్చారు. "ప్రశ్న అడిగేంతగా సామాన్యుడికి అర్థమైందంటే, అందులో లోతు లేదన్నమాట. పైగా రేపట్నుంచి ఆయన అలాగే నీళ్లు పెడతాడేమో కూడా. ఇది పరిశోధన కాదమ్మా, సలహా. సలహాకు డాక్టరేట్ ఇవ్వరు."

"మరి సామాన్యుడికి అర్థమవ్వాలనే కదండీ ఉత్తర్వు?"

"అర్థమవ్వాలన్నారు. ఇంతలా అవ్వాలనలేదు."

రిజిస్ట్రార్ గారు ఫారం ఎత్తి చూపించారు. "తోటపని నుంచి ఉదాహరణ అన్న గడి ఖాళీగా ఉంది. మీ మొక్క దేనిలాంటిది?"

"మొక్కలాంటిదేనండీ."

"మీ కుండీ?"

"కుండీయే సార్."

"కుండీని కుండీతో పోలిస్తే ఉదాహరణ ఎలా అవుతుంది? రేపు అందరూ ఉన్నదాన్ని ఉన్నట్టే చెబుతామంటే ఇన్ని శాఖలెందుకు?"

చివరికి దయతలచి, మధ్యాహ్నం మూడింటికి ఇంకొక్క అవకాశం ఇచ్చారు.

వరండా చివర కొళాయి గట్టు మీద అమ్మాయి కూర్చుంది. ఏడవలేదు గాని, గోటిలోంచి మట్టి తీసుకుంటూ ఉంది.

"నువ్వు చెప్పింది అర్థమైపోవడమే కొంప ముంచిందమ్మా" అన్నాను. "ఈసారి అర్థం కాకుండా చెప్పు."

"నాకు అలా రాదు బాబాయ్. ఆరేళ్లూ మట్టిలోనే ఉన్నాను."

"నూట ముప్పై తొమ్మిది మందిని విన్నాను. నేను నేర్పిస్తాను."

జీవితంలో నేను ఎవరికైనా పాఠం చెప్పడం అదే మొదటిసారి. మొదట 'చాలా సులువుగా చెప్పాలంటే' అనాలి. ఆ మాట తర్వాత ఎవరికీ ఏమీ అర్థం కావడం నేను చూడలేదు. ప్రతి రెండు మాటలకూ ఒకసారి 'ఒక రకంగా' అనాలి. చేతులు గాల్లో గుండ్రంగా తిప్పాలి, కొలుస్తున్నట్టు. మధ్యలో ఆగి కిటికీ వైపు చూడాలి. కిటికీలో ఏమీ ఉండనక్కర్లేదు.

"మరి పూలకుండీని ఏం చేయను?"

నేను బాగా ఆలోచించాను. "అందరూ నక్షత్రాలను కుండీ అన్నారు. నువ్వు కుండీని నక్షత్రాలు అను. అప్పు తీరిపోతుంది."

మూడింటికి గది నిండిపోయింది. ప్రశ్న అడిగిన సామాన్యుణ్ని చూడ్డానికి అన్ని శాఖలూ వచ్చాయి. అమ్మాయి గోళ్లు కడుక్కుని వచ్చి, మైకు దగ్గరికి లాక్కుంది.

"చాలా సులువుగా చెప్పాలంటే, వేరును ఒక నక్షత్రమండలం అనుకుందాం. ఒక రకంగా తడి అనేది దాని కేంద్రం. కేంద్రం పైకి జరిగితే పరిధి తన లోతును తానే మరిచిపోతుంది. ఒక రకంగా, లోతు మరిచిన పరిధికి ఒక్కరోజు శూన్యం చాలు." కిటికీ వైపు చూసింది. "నాలుగు వందల పరిధులను స్వయంగా తవ్వి చూశాను."

ఉదయం విన్నదే కనుక మళ్లీ అర్థమైపోతుందేమోనని భయపడ్డాను. ఆ భయం అక్కర్లేకపోయింది. మాటలు పిట్టల్లా తల మీదుగా పోయాయి. భౌతికశాస్త్రం ఆయన జేబురుమాలు తీసి, "పాపం, ఆ పరిధి!" అన్నారు. ఉపోద్ఘాతం గారు కళ్లు మూసుకుని, "లోతు అంటే ఇదీ" అన్నారు. నేను రెండుసార్లు తలూపి, చిన్నగా నవ్వి, ఆకుపచ్చ జెండా ఎత్తాను. చప్పట్లు మోగాయి. నాలుగింటికి పట్టా చేతికిచ్చారు. నాలుగున్నరకు అమ్మాయి మొక్కల కేంద్రానికి పరిగెత్తి, దాన్ని చూపించి, ఆరున్నరకు రొప్పుతూ తిరిగొచ్చింది. ఉద్యోగం నిలిచింది.

ఆ సాయంత్రమే ఏడాది ముగింపు విందు. పొడవాటి బల్లలు వేసి, శాఖలన్నింటినీ, సామాన్యుడి కుటుంబమని మా ఆవిణ్నీ పిలిచారు. వడ్డించేముందు రిజిస్ట్రార్ గారు నివేదిక చదివారు. "ఈ ఏడాది నూట నలభై పరిశోధనలు సామాన్యుడికి వివరించబడ్డాయి. గడి లేని కారణంగా నమోదు కాని ఒకటి మినహా, ప్రజల నుంచి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. కాబట్టి నూటికి నూరు పాళ్లు అవగాహన సాధించినట్టు నిర్ధారించడమైనది. ఎవరికైనా సందేహాలు ఉన్నాయా?"

ఉన్నవాళ్లు పళ్లెం వైపు చూశారు. లేనివాళ్లు నా వైపు చూశారు. మా ఆవిడ నోరు తెరిచింది. నేను గబుక్కున గరిటెడు కూర ఆవిడ పళ్లెంలో వేశాను.

ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. ఏదైనా అంటే నాకు అర్థమైపోతుందని వాళ్ల భయం. అర్థమైతే ఎక్కడ లేచి నిలబడతానో అని నా భయం. భౌతికశాస్త్రం చరిత్రకు ఉప్పు అందించింది, చరిత్ర తలూపి తీసుకుంది. వేర్ల అమ్మాయి నాకూ మా ఆవిడకూ మధ్య కూర్చుని, పొద్దుట్నుంచి ఏమీ తినని మనిషిలా తింటోంది. రెండు వందల మంది ఒక్క మాట లేకుండా తృప్తిగా భోంచేశారు.

ఇదంతా చదివి మీరు కూడా ఏమీ అడగలేదు కనుక, ఆ నూటికి నూరులో మిమ్మల్నీ కలిపేశారు.