ముప్ఫయ్యొక్క పువ్వులు

సోమవారం ఉదయానికి పెద్దల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకి రిపోర్టు పంపించాలి. ఏడింటికి తలస్నానం చెయ్యాలి. ఇస్త్రీ చొక్కా వేసుకుని పదింటికి ఆఫీసులో అడుగు పెట్టాలి. అందరూ చుట్టూ చేరి మెచ్చుకుంటూ ఉంటే "అబ్బే, ఇందులో ఏముందండీ" అనాలి. ఆ చివరి ముక్క అద్దం ముందు రెండుసార్లు అని చూసుకున్నాడు కూడా.

పెద్దల్లుడంటే నీళ్ళ సరఫరా ఆఫీసులో హెడ్ గుమాస్తా. ఆయన భార్య చెల్లెలి మొగుడు అదే ఆఫీసులో మీటర్ల సెక్షన్ గుమాస్తా. ఇద్దరికీ మామగారు ఒక్కరే కాబట్టి ఆఫీసువాళ్ళు ఒకరిని పెద్దల్లుడనీ, ఇంకొకరిని చిన్నల్లుడనీ పిలవడం మొదలుపెట్టారు. అసలు పేర్లు హాజరుపట్టీలో మిగిలాయి. తోడల్లుళ్ళు ఒకే ఊళ్ళో ఉండడమే ఇబ్బంది. ఒకే ఆఫీసులో ఎదురెదురు కుర్చీల్లో కూర్చోవడమంటే కొరివితో తల గోక్కోవడమే. పోనీ చిన్నల్లుడు చెడ్డవాడైతే హాయిగా తిట్టుకోవచ్చు. ఆ అదృష్టమూ లేదు. ఎదురుపడితే "అన్నయ్యగారూ" అని లేచి నిలబడే రకం. ఆ మర్యాద చూస్తే పెద్దల్లుడికి కడుపు ఇంకాస్త మండేది.

ఇరవై ఏళ్ళ కిందట పెద్దల్లుడూ ఒక వెలుగు వెలిగాడు. ఊళ్ళో ముప్ఫయ్యొక్క వీధులు, వీధికొక వాల్వు. ఏ రోజు ఏ వాల్వు కట్టి నీళ్ళు ఆపాలో నోటితో చెబితే, మేస్త్రీ మనుషులు ఒకటి కట్టమంటే ఇంకోటి కట్టి వచ్చేవారు. అప్పుడు ఈయనే కాగితం మీద వీధి పేరు రాసి, పక్కన స్కేలు పెట్టి ఎర్రసిరాతో ఖాళీ గడి గీశాడు. గడి కనిపిస్తే వాల్వు కట్టెయ్యాలి, కట్టాక టిక్కు పెట్టాలి, ఇంకేమీ చదవక్కర్లేదు అని వాళ్ళకి నేర్పాడు. అప్పటి ఆఫీసరు భుజం తట్టాడు. కాగితం పోయి ఆ పట్టిక ఫోన్లలోకి ఆన్‌లైన్ డాక్యుమెంటుగా వచ్చేసినా గడి మాత్రం అలాగే ఉంది. దాన్ని కనిపెట్టిందెవరో ఎవరికీ గుర్తులేదు.

చిన్నల్లుడి వెలుగు కిందటి నెలలో మొదలైంది. మీటర్లను శుభ్రంగా ఎలా ఉంచుకోవాలో ఒక పేజీ తయారుచేసి, శీర్షికకి అటో నక్షత్రం ఇటో నక్షత్రం, అడుగున ఒక చిన్న నీటిబొట్టు పెట్టి అందరికీ లింకు పంపాడు. ఆఫీసరమ్మ దాన్ని మీటింగులో తెర మీద వేసి, డాక్యుమెంటంటే ఇలా కళగా ఉండాలి అంది. రెండు నక్షత్రాలూ ఒక బొట్టూ, దీనికింత గొప్పా అని పెద్దల్లుడు కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు. ఇంటికొస్తే, ఆ పేజీని మామగారు ఫ్రిజ్ మీద అంటించుకున్నారని భార్య మురిసిపోతూ చెప్పింది. ఈయన గడుల కాగితం ఇరవై ఏళ్ళలో ఆ ఇంట్లో ఏ గోడా ఎక్కలేదు.

అంతటితో పోతే పోయేదే. కానీ అదే సమయానికి సూపరింటెండెంటు కుర్చీ ఖాళీ అయింది. గాజు తలుపు, కిటికీ, గుండ్రంగా తిరిగే కుర్చీ ఉన్న గది. వినిపిస్తున్నవి రెండే పేర్లు. సోమవారం సాయంత్రానికి తేల్చేస్తానని ఆఫీసరమ్మ చెప్పింది. సరిగ్గా ఆ వారమే ఏడాది రిపోర్టు రాసే వంతు పెద్దల్లుడికి వచ్చింది. లీకులన్నీ బాగుచేసి ముప్ఫయ్యొక్క వీధులకీ ధారాళంగా నీళ్ళిస్తున్నాం అని చెప్పే జాబితా అది. వాడు రెండు నక్షత్రాలు పెడితే నేను ఆకాశమంతా పెడతాను అనుకున్నాడు పెద్దల్లుడు.

పెట్టడం ఎలాగో తెలియదు. తెలిసినవాణ్ణి అడగడానికి ప్రాణం ఒప్పుకోలేదు. ఆదివారం సాయంత్రం భార్యని పిలిచి, నా పేరెత్తకుండా నీ చెల్లెల్ని అడుగు అన్నాడు. చెల్లెలు తిన్నగా ఫోను తీసుకెళ్ళి మొగుడి చేతిలో పెట్టింది. చిన్నల్లుడు గుర్తులన్నీ ఏ పేజీలో దొరుకుతాయో, కాపీ చేసి ఎలా అతికించాలో ఓపిగ్గా చెప్పాడు. చివర్లో, "వదినగారూ, అన్నయ్యగారికి ఒక్కమాట చెప్పండి. మేస్త్రీవాళ్ళకి ఆఫీసు ఇచ్చిన ఫోన్లు బాగా పాతవి. కొన్ని బొమ్మలు వాటిలో సరిగ్గా రావు. పంపేముందు ఒక్కసారి వాటిలో చూసుకోమనండి" అన్నాడు.

ఆమె ఆ మాట ఉన్నదున్నట్టు మొగుడికి చేరవేసింది.

"చూశావా ఓర్వలేనితనం," అన్నాడు పెద్దల్లుడు. "నక్షత్రాలు తను పెడితే ఊరంతా కనపడతాయి, నేను పువ్వు పెడితే కనపడదట."

"కనపడదనలేదండీ. చూసుకోమన్నాడు."

"నువ్వూ ఆ పక్షమే."

ఇక ఆ విషయం మీద ఇంట్లో చర్చ లేదు. రిపోర్టు చుట్టూ అలల అంచు వేశాడు. శీర్షికకి అటు ఏడు, ఇటు ఏడు నక్షత్రాలు. ఒక్కొక్క వీధి పేరు పక్కన ఒక్కొక్క పువ్వు, అందులోనూ ఏ రెండూ ఒకేలా ఉండకూడదని వెతికి వెతికి ముప్ఫయ్యొక్క రకాలు తెచ్చాడు. వెతుకుతుంటే కిరీటం బొమ్మ ఒకటి కనిపించింది. దాన్ని తన పేరు మీద పెట్టుకుని, సిగ్గేసి తీసేశాడు. కాసేపాగి మళ్ళీ పెట్టాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్న కథ ఆయనకీ తెలుసు. అందులో పులి తనే అనుకున్నాడు.

సోమవారం ఆరున్నరకి లింకు పంపాడు. నిజానికి అది ఆఫీసరమ్మ ఒక్కదానికే వెళ్ళాలి. కానీ ఆమె ఒక్కతే చూస్తే చిన్నల్లుడికి మంట ఎలా పుడుతుంది? అందుకని ఆఫీసు గ్రూపులో అందరికీ పంపాడు. మేస్త్రీ మనుషులకి ఆ రోజు పని పట్టిక కూడా రోజూ అదే గ్రూపులో, అదే వేళకి వస్తుంది. ఈ సంగతి ఆ గ్రూపు పెట్టించిన హెడ్ గుమాస్తాకి తెలియనిది కాదు. పువ్వుల ధ్యాసలో తట్టలేదు.

కాఫీ తాగుతూ తన డాక్యుమెంటు తనే చూసుకుంటున్నాడు. పావుగంట గడిచేసరికి మొదటి వీధి దగ్గర, పువ్వు పక్కనే, ఒక టిక్కు వెలిసింది. ఎవరో మెచ్చుకున్నారు. కాసేపటికి నాలుగో వీధి దగ్గర ఇంకొకటి. తర్వాత తొమ్మిది, పది, పదకొండు వరసగా. భార్యని పిలిచి చూపించాడు. ఒక్కొక్క పువ్వునీ విడివిడిగా చూసి మెచ్చుకుంటున్నారనీ, రెండు నక్షత్రాల పేజీకి ఒక్క టిక్కయినా వచ్చిందేమో కనుక్కోమనీ అన్నాడు. ఇరవై టిక్కులయ్యాక, తృప్తిగా తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళాడు.

తలకి షాంపూ పట్టించుకుని కుళాయి తిప్పితే అది రెండుసార్లు గుర్రుమని ఆగిపోయింది. వాళ్ళ వీధి జాబితాలో ఇరవయ్యారోది.

కళ్ళు మూసుకునే భార్యని కేకేసి, మేడ మీది ట్యాంకు చూడమన్నాడు. ఆమె తలుపు అవతల నుంచి, చెల్లెలి ఇంట్లోనూ నీళ్ళు ఆగిపోయాయట అని చెప్పింది. చిన్నల్లుడింట్లోనూ ఆగాయి అన్న మాట ఆయనకి ఒక అరనిమిషం చల్లగా తగిలింది. ఇంతలో మామగారి ఫోను. భార్య తలుపు సందులోంచి ఫోను లోపలికి అందించింది.

"అల్లుడుగారూ, సగం గడ్డంతో కూర్చున్నాను," అన్నారు మామగారు. "నీళ్ళ ఆఫీసులో ఇద్దరల్లుళ్ళుండి ఏం లాభం? సరేలెండి, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకు, చిన్నల్లుడికి చేస్తాను."

షాంపూ కంట్లో పడ్డదానికన్నా ఆ మాటే ఎక్కువ మండింది. ఫోను కిందకి దించుతుంటే తెర మీద మేస్త్రీ సందేశం కనిపించింది. 'ముప్ఫయ్యొకటీ కట్టేశామండి. అన్నిటికీ టిక్కులు పెట్టేశాం.'

పెద్దల్లుడు నురగ తువ్వాలుతోనే తుడుచుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎనిమిదింటికల్లా ఆఫీసుకి పరిగెత్తాడు. గేటు దగ్గర జనం ఖాళీ బకెట్లతో నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్యలోంచి తల వంచుకుని దూరాడు. లోపల ఆఫీసరమ్మ తలకి తువ్వాలు చుట్టుకుని ఉంది. ఆమె తలస్నానమూ సగంలోనే ఆగిపోయిందని చూడగానే తెలుస్తోంది. మేస్త్రీ ఆమె ఎదుట నిలబడి తన పాత ఫోను చూపిస్తున్నాడు. పెద్దల్లుడు మెడ చాచి చూశాడు. అందులో అలలు లేవు, నక్షత్రాలు లేవు, కిరీటం లేదు. ఆ ఫోనుకి రాని ప్రతి పువ్వు స్థానంలోనూ ఒక ఖాళీ గడి. పక్కన వీధి పేరు.

పైన 'ధారాళంగా నీళ్ళిస్తున్న వీధులు' అని అంత పెద్ద అక్షరాలతో ఉంటే చదవలేదా అని ఆఫీసరమ్మ అడిగింది.

"చదవక్కర్లేదన్నారు కదమ్మా," అన్నాడు మేస్త్రీ, పెద్దల్లుడి వైపు తిరిగి. "గడి కనిపిస్తే కట్టెయ్యాలి, కట్టాక టిక్కు పెట్టాలి. ఇరవై ఏళ్ళ కిందట ఈ బాబుగారే దగ్గరుండి నేర్పారు."

ఇరవై ఏళ్ళుగా ఎవరికీ గుర్తులేని ఘనత అలా ఆ ఉదయం గుర్తొచ్చింది. ఈ బొమ్మల ఆలోచన ఎవరిదని ఆఫీసరమ్మ అడిగితే పెద్దల్లుడు నీళ్ళు నమిలాడు. ఊళ్ళో చుక్క లేకపోయినా ఆ నీళ్ళకి మాత్రం లోటు రాలేదు. రాతపూర్వకంగా సంజాయిషీ ఇమ్మంది ఆమె. వాల్వులు ఇప్పుడే తెరిపించండి అని మేస్త్రీకి చెప్పబోతుండగా గేటు దగ్గర గోల ఎక్కువై, ముందు వాళ్ళకి సమాధానం చెప్పడానికి బయటికి వెళ్ళింది.

పెద్దల్లుడు తన కుర్చీలో కూలబడ్డాడు. గాజు తలుపు గది కళ్ళముందే పోయింది. పోతే పోయింది, అది ఎదురు కుర్చీవాడికి వెళ్తుందే అన్నదే అసలు బాధ. ఇద్దరికీ పోతే ఎంత బాగుండును అనిపించింది. కాపీ చేసి అతికించమని చెప్పింది వాడే కదా? పాత ఫోన్ల మాట మరిచిపోయి, తెల్లకాగితం తీసుకుని తీరిగ్గా రాశాడు. 'ఈ రోజు జరిగినదాని వెనకున్న ఆలోచన యావత్తూ మీటర్ల సెక్షన్‌లో పనిచేస్తున్న మా తోడల్లుడిదే. నేను ఆయన చెప్పినట్టు చేశానే తప్ప, ఇందులో నా తెలివి రవ్వంత కూడా లేదు.' 'యావత్తూ' కింద స్కేలు పెట్టి గీత గీశాడు. సంతకం, తేదీ, సమయం వేసి ఆఫీసరమ్మ బల్ల మీద పెట్టాక ప్రాణం కాస్త తేలికపడింది.

ఆమె లోపలికి వచ్చేసరికి నీళ్ళ ట్యాంకు దగ్గర్నుంచి ఫోను మోగుతోంది. అక్కడి ఆపరేటరు కంగారుగా ఒక మాట చెప్పాడు. వాల్వులన్నీ కట్టి ఉన్నాయి, ఒక్క వీధికీ నీళ్ళు పోవడం లేదు, అయినా పెద్ద మీటరు ముల్లు తిరుగుతూనే ఉంది.

ఆఫీసరమ్మ కూర్చోబోయినదల్లా నిలబడిపోయింది. ఆరునెలలుగా ట్యాంకులోంచి మూడోవంతు నీళ్ళు ఎటు పోతున్నాయో తెలియక ఆమె పైవాళ్ళ చేత మాటలు పడుతోంది. కనిపెట్టాలంటే వాల్వులన్నీ ఒకేసారి కట్టి చూడాలి, కడితే జనం ఊరుకోరని పైవాళ్ళు ఒప్పుకోలేదు. ఇప్పుడు కట్టేసే ఉన్నాయి, జనం ఎలాగూ వచ్చేసే ఉన్నారు. ఇంకో గంట తెరవొద్దని మేస్త్రీతో చెప్పి, మనుషుల్ని పాత గొట్టం దారిలో పంపించింది. పదింటికి దొరికింది. మూతపడిన సోడా ఫ్యాక్టరీ వెనక, పిచ్చిమొక్కల కింద, పనికిరాదని అందరూ మరిచిపోయిన గొట్టం పగిలి నీళ్ళు తిన్నగా మురిక్కాలవలోకి పోతున్నాయి. దానికి మూత బిగించి వాల్వులు తెరిస్తే, ఎన్నడూ నీళ్ళెక్కని మూడో అంతస్తులకి కూడా ఎక్కాయి. బకెట్లతో వచ్చినవాళ్ళు ఇళ్ళకెళ్ళి ఫోన్లు చేసి మెచ్చుకున్నారు.

సాయంత్రం మీటింగులో ఆఫీసరమ్మ, జుట్టు ఆరబెట్టుకుని, ప్రసన్నంగా కూర్చుంది. పైవాళ్ళకి ఇది పొరపాటని చెప్పలేదనీ, పరీక్ష అని చెప్పాననీ అంది. ఆ పరీక్ష ఎవరు ఆలోచించారో పేరు రాసి పంపమన్నారట. పెద్దల్లుడికి మళ్ళీ ఆశ పుట్టింది. పొద్దుట్నుంచీ మూలన పెట్టిన మాట ఇప్పుడు పనికొస్తుందనుకుని లేచి, "అబ్బే, ఇందులో ఏముందండీ, ఆ పువ్వులు అసలు నేనే..." అని మొదలుపెట్టాడు.

"మీరు కూర్చోండి," అంది ఆఫీసరమ్మ ఆప్యాయంగా. "మీ గురించే చెప్పబోతున్నాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి కాగితం చూడలేదు."

ఆ కాగితం తీసి పైకి చదివింది. 'యావత్తూ' దగ్గర ఆగి, కింద గీత కూడా గీశారు అని చెప్పింది. సొంత తోడల్లుడికి, అందులోనూ తనతో పోటీలో ఉన్నవాడికి, ఘనత మొత్తం రాసిచ్చే మనసు ఎంతమందికుంటుంది అంది. చిన్నల్లుడు తెల్లబోయి, నాకు నిజంగా ఏమీ తెలియదండీ అన్నాడు. ఈ వినయమే సూపరింటెండెంటుకి ఉండాల్సింది అంది ఆమె. పైవాళ్ళకి పంపడానికి ఆఫీసులో రాతపూర్వకంగా ఉన్నది ఆ ఒక్క పేరే. ఆ పేరే పంపింది.

నియామకం ఉత్తర్వు టైపు చెయ్యాల్సింది హెడ్ గుమాస్తాయే. బొమ్మలేమీ వద్దు, అందరి పేర్లూ వేసి, చదివినట్టు టిక్కు పెట్టడానికి పక్కన ఖాళీ గళ్ళు మాత్రం పెట్టండి చాలు అంది ఆఫీసరమ్మ. ఆ జాబితాలో మొదటి పేరు ఆయనదే. టిక్కు పెట్టాడు.

ఇంటికెళ్ళేసరికి కుళాయిలో నీళ్ళు ఎన్నడూ లేనంత జోరుగా వస్తున్నాయి. ఆయన తల ఇంకా జిగటగానే ఉంది. భార్య కళ్ళు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. చిన్నల్లుడు ఆ సంజాయిషీ కాగితానికి కాపీ తీయించి మామగారింటికి తీసుకెళ్ళాడట. అన్నయ్యగారు నా గురించి ఇలా రాశారని చూపిస్తూ ఏడ్చేశాడట. మామగారు నక్షత్రాల పేజీ తీసేసి, దాని స్థానంలో దీన్ని అంటించారట.

ఆ ఇంట్లో ఫ్రిజ్ ఎక్కిన పెద్దల్లుడి మొదటి కాగితం అదే.