ఓడ్వార్ ఊరు చూపించిన రోజు

శనివారం పొద్దున్నే గడ్డం గీసుకుంటూ ఓడ్వార్ ఆ రోజు కార్యక్రమాన్ని మరోసారి మననం చేసుకున్నాడు. స్టేషన్‌లో గున్వోర్‌ను కలుసుకోవాలి. మ్యోసా సరస్సు ఒడ్డున నడిపించుకుంటూ, అద్దాల పందిరి కింద దాచిన పాత చర్చి శిథిలాల దాకా తీసుకెళ్ళాలి. అక్కడ గడ్డిలో కూర్చుని, తను స్వయంగా కట్టిన రొట్టె, జున్ను పొట్లం విప్పాలి. సాయంత్రం నీళ్ళ పక్కనున్న హోటల్లో చేపల భోజనం. ఆవిడ తిరుగు రైలు ఎక్కేలోగా "మీ ఊరు బావుంది" అనిపించాలి.

ఆ ఒక్క మాట మీద అతని మిగతా జీవితం ఆధారపడి ఉంది. ఈస్టర్ సెలవుల్లో కొండ మీద మంచు తుఫానులో చిక్కుకుని, ఒకే చెక్క గుడిసెలో తలదాచుకున్నప్పుడు పరిచయమైంది గున్వోర్. ఇద్దరికీ అరవై దాటాయి, ఇద్దరూ ఒంటరివాళ్ళే. ఫోన్లలో కబుర్లు పెరిగి పెరిగి, ఎవరి ఊళ్ళో కాపురం అన్న దగ్గర వచ్చి ఆగాయి. "మాది ఏడు కొండల ఊరు. బెర్గెన్ వదిలి రావాలంటే మీ హామర్‌లో ఏదో ఒకటి ఉండాలిగా? ఓ రోజు వచ్చి చూస్తాను. నచ్చకపోతే నువ్వే మూటాముల్లె సర్దుకుని రావాలి," అని ఆవిడ తేల్చేసింది. ఓడ్వార్ రిటైరైన భూగోళం మాస్టారు. కొండల గురించి ఎంతసేపైనా చెప్పగలడు గానీ, రోజూ పాల కోసం ఓ కొండ ఎక్కి దిగాలంటే మోకాళ్ళు ఒప్పుకోవు. అలాగని ఈ వయసులో దొరికిన మనిషిని పోగొట్టుకోవడానికి మనసూ ఒప్పుకోదు.

చిక్కల్లా ఏమిటంటే, అదే శనివారం అతని అపార్టుమెంటులో దుగ్నాద్, అంటే శ్రమదానం. జాతీయ దినోత్సవానికి ముందు ఇంటింటి నుంచీ జనం దిగి, ఆకులు ఊడ్చి, కంచెలకు రంగులు వేసి, కలిసి కాఫీ తాగుతారు. రమ్మని ఎవరూ బలవంతం చేయరు. రానివాళ్ళను ఎవరూ పల్లెత్తు మాట అనరు. మళ్ళీ వసంతం వచ్చేదాకా మెట్ల మీద ఎదురైనప్పుడల్లా ఏమీ అనకుండా చూస్తారు, అంతే. ఆ చూపులు తట్టుకోలేక ఇళ్ళు ఖాళీ చేసినవాళ్ళున్నారు.

చుట్టం వస్తోందంటే సంఘం అధ్యక్షురాలు బేరిత్ "ఆవిణ్ణీ తీసుకురా, ఇంకో చీపురుంది" అంటుందని ఓడ్వార్‌కు తెలుసు. ఆ చుట్టం ఎవరో తెలిస్తే ఇక భవనమంతా అదే ముచ్చట. అందుకని ముందురోజే బేరిత్‌కు ఫోన్ చేసి, నడుము పట్టేసిందని మూలుగుతూ చెప్పాడు. శనివారం మాత్రం సైకిళ్ళ గది వెనక తలుపులోంచి పిల్లిలా జారుకున్నాడు.

గున్వోర్ ఎర్ర కోటు వేసుకుని, పెద్ద సంచీతో రైలు దిగింది. దిగుతూనే నాలుగు దిక్కులా చూసింది.

"ఏమిటిది, ఇంత చదునుగా ఉంది? ఊరంతటికీ ఇస్త్రీ చేయించారా?"

"చదునుగా ఉంటే ఆయాసం రాదు," అన్నాడు ఓడ్వార్.

సరస్సు ఒడ్డుకు చేరేసరికి ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది. ఎండ నీళ్ళ మీద మెరుస్తోంది. ఓడ్వార్‌కు ఒళ్ళు తేలిపోతోంది. సరిగ్గా అప్పుడే వెనక ట్రాలీ తగిలించిన కారొకటి పక్కన ఆగింది. ట్రాలీ నిండా ఎండుటాకులు. కిటికీలోంచి తల బయటపెట్టినవాడు తూర్ఫిన్, ఓడ్వార్ పై అంతస్తులో ఉండే పెళ్ళికాని పెద్దమనిషి.

"ఏమోయ్ ఓడ్వార్! నడుం పట్టేసిందని బేరిత్ చెప్పిందే!"

ఓడ్వార్ నిలుచున్నవాడు నిలుచున్నట్టే వంగిపోయాడు. "డాక్టరు... మెల్లగా నడవమన్నాడు..."

"ఓహో, ఈవిడ రోగుల ఇళ్ళకు మునిసిపాలిటీ పంపే నర్సా? అదృష్టవంతుడివయ్యా!" అన్నాడు తూర్ఫిన్, గున్వోర్ వైపు అవసరానికి మించి చూస్తూ.

ఓడ్వార్ తల దానంతటదే ఊగింది. కారు వెళ్ళిపోయింది.

గున్వోర్ చెయ్యి వదిలేసింది. "నీకు నడుం నొప్పా? కొండ మీద నీ సంచీతోపాటు నా సంచీ కూడా మోశావు కదా!"

"అప్పుడప్పుడూ వస్తుంది..."

"నన్ను నర్సంటే ఊరుకున్నావేం?"

"ఎవరికీ తెలియకూడదని..."

"నా సంగతా?"

"కాదు కాదు, నొప్పి సంగతి!"

నిజం చెప్పేస్తే సరిపోయేది. కానీ శ్రమదానం ఎగ్గొట్టి వచ్చానని, పెళ్ళి చేసుకోవాలనుకున్న మనిషి ముందు ఒప్పుకునే మగవాడు ఆ దేశంలో ఇంకా పుట్టలేదు. గున్వోర్ అతణ్ణి బలవంతంగా బెంచీ మీద కూర్చోబెట్టి, అతని సంచీ లాక్కుంది. శిథిలాల దాకా నడక కుదరదంది. "అవి ఎన్నో వందల ఏళ్ళుగా అక్కడే ఉన్నాయి, ఎక్కడికీ పోవు. ముందు నువ్వు కూలిపోకుండా ఉండు." హోటల్ కుర్చీలు నడుముకు మంచివి కావంది. రొట్టె పొట్లం ఆ బెంచీ మీదే విప్పారు.

ఇంతలో ఒడ్డు వెంట గడగడమని చప్పుడు. బేరిత్ వస్తోంది, చక్రాల కుర్చీ తోసుకుంటూ. ఎప్పుడో ఎవరో నేలమాళిగలో వదిలేసి పోయిన కుర్చీ అది.

"తూర్ఫిన్ ఇప్పుడే చెప్పాడు. నొప్పితో ఇంత దూరం నడిచొస్తావా, బుద్ధుందా నీకు? ఎక్కు!"

"బేరిత్ గారూ, నేను మెల్లగా..."

"ఎక్కమన్నానా!"

ఎక్కాడు. సొంత ఊళ్ళో, కోరుకున్న మనిషి ముందు, చక్రాల కుర్చీలో ఊరేగుతూ అపార్టుమెంటు చేరాడు. ఆవరణలో శ్రమదానం జోరుగా సాగుతోంది. అందరూ చీపుళ్ళు ఆపి జాలిగా చూశారు. ఎవరో మోకాళ్ళ మీద దుప్పటి కప్పారు. ఇంకెవరో చేతికి కాఫీ ఇచ్చారు. అంత మంచితనం ఓడ్వార్ భరించలేకపోయాడు.

ఖాళీ చేతులతో నిలబడడం గున్వోర్‌కు చేతకాదు. ఎర్ర కోటు విప్పి ఓడ్వార్ ఒళ్ళో పడేసి, "ఇటివ్వండి ఆ చీపురు," అంది. చూస్తుండగానే మెట్ల వెనక పేరుకుపోయిన ఆకులన్నీ కుప్పపడ్డాయి. బేరిత్ ముఖంలో ఎవరూ ఎన్నడూ చూడని వెలుగొకటి కనిపించింది. ఆ తర్వాత సైకిళ్ళ గది గోడకు రంగు వేసే పని. ఒక బ్రష్షు గున్వోర్ అందుకుంది, రెండోది తూర్ఫిన్ పరుగున వచ్చి అందుకున్నాడు.

ఓడ్వార్ దుప్పటి కింద కూర్చుని చూస్తున్నాడు. తూర్ఫిన్ ఏదో అన్నాడు, గున్వోర్ పకపకా నవ్వింది. తూర్ఫిన్ ఇంకేదో అన్నాడు, ఇంకా నవ్వింది. చక్రాలను రహస్యంగా కాస్త ముందుకు తోసుకుని ఓడ్వార్ చెవులు రిక్కించాడు.

"శనివారాలు కూడా డ్యూటీయేనా మీకు? సాయంత్రం ఖాళీ అయితే చెప్పండి. నా పడవ నిన్ననే నీళ్ళలోకి దించాను. పాత చర్చిని సరస్సు మీంచి చూడాలి, అదీ అందం. ఆ తర్వాత ఒడ్డున చేపల భోజనం."

తన కార్యక్రమం! పూర్తిగా తనది, పైగా పడవతో సహా! గున్వోర్ తనకు దక్కకుండా పోతోందన్న భయం ఓడ్వార్ గుండెను పిండేసింది. దుప్పటి ఒకవైపు, కాఫీ ఒకవైపు ఎగిరిపడ్డాయి. నాలుగంగల్లో ఆవరణ దాటి గోడ దగ్గరికి వెళ్ళిపోయాడు.

"ఆవిడ నర్సూ కాదు, నీ పడవా ఎక్కదు! ఆవిడ నా కోసం బెర్గెన్ నుంచి వచ్చింది!"

చీపుళ్ళన్నీ ఆగిపోయాయి. అందరూ ఏమీ అనకుండా చూశారు.

"నడుం తగ్గినట్టుంది," అంది బేరిత్.

ఓడ్వార్ తల దించుకుని, వెనక తలుపుతో సహా ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "నాకు నొప్పీ లేదు, ఏమీ లేదు. గున్వోర్‌తో ఒక్క రోజు దొరికింది. దాన్ని ఆకులూడ్చి పాడు చేసుకోలేకపోయాను. నన్ను ఏమన్నా అనండి, పడతాను."

గున్వోర్ ముఖం ఎర్రబడింది. ఆవిడ ఇక తిన్నగా స్టేషన్‌కే వెళ్ళిపోతుందని ఓడ్వార్‌కు ఖాయంగా అనిపించింది. ఆవిడ నోరు తెరిచేలోగా కుర్చీలో పడి ఉన్న కోటు జేబులో ఫోన్ మోగింది. ఆవిడ చేతులు రెండూ మోచేతుల దాకా నీలం రంగు. బేరిత్ ఫోన్ తీయబోయింది.

"ఎత్తకండి! మా అపార్టుమెంటు వాళ్ళయి ఉంటారు..." అంది గున్వోర్ కంగారుగా. ఆ తర్వాత గొంతు బాగా తగ్గించింది. "బెర్గెన్‌లో కూడా ఇవాళే శ్రమదానం. మా పెద్దమ్మ పోయింది, హామర్‌లో అంత్యక్రియలు అని చెప్పి వచ్చేశాను."

"అయ్యో, పెద్దమ్మగారు..." అన్నాడు తూర్ఫిన్.

"ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది లెండి."

ఫోన్ మోగుతూనే ఉంది. బేరిత్ ఓడ్వార్‌ను చూసింది, గున్వోర్‌ను చూసింది, శుభ్రంగా ఊడ్చి ఉన్న మెట్ల వెనక భాగాన్నీ చూసింది. ఫోన్ ఎత్తి, గొంతు బరువుగా చేసుకుంది.

"అవునండీ, హామరే. ఇప్పుడే అయింది... ఆవిడ మాట్లాడే స్థితిలో లేదు, చేతులు చూసుకుంటూ నిలబడి ఉంది పాపం... దండ ఎందుకండీ, వాడిపోతుంది. మొక్కలు పంపండి, గేటు పక్కన నాటుకుంటాం. ఆవిడా? ఇప్పట్లో రావడం కష్టం. ఇక్కడ చెయ్యాల్సినవి చాలా ఉండిపోయాయి."

"మీరు అబద్ధమాడారు!" అంది గున్వోర్ తెల్లబోయి.

"ఇలా చీపురు పట్టే మనిషి మాకు మళ్ళీ దొరకదు," అని బేరిత్ ఓడ్వార్ వైపు తిరిగింది. "నువ్వేం చూస్తున్నావు? గోడ అవతలి వైపంతా నీదే."

ఓడ్వార్ బ్రష్షు తీసుకున్నాడు గానీ, కాళ్ళు కదల్లేదు. "గున్వోర్, మరి మా ఊరు..."

"ఊరెక్కడ చూపించావు నువ్వు?" అంది ఆవిడ. కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి. "వచ్చేస్తాలే. అక్కడ అబద్ధాలాడే మనిషిని నేనొక్కదాన్నే. ఇక్కడైతే మనం ముగ్గురం."

జూన్‌లో బెర్గెన్ నుంచి మొక్కలు వచ్చాయి, వాటి వెనకే గున్వోర్ సామానూ వచ్చింది. గేటు పక్క ఆ పూలు ఏటా పూస్తున్నాయి. పెద్దమ్మ పేరేమిటని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.