వైరు ఊడితే అత్తగారు

వాషింగ్ మెషీన్ల కంపెనీలో అతన్ని అందరూ 'ముందుజాగ్రత్త' అని పిలుస్తారు. ఆ ఉదయం పదింటికి ఇంటి నుంచే వీడియో ఇంటర్వ్యూ. గట్టెక్కితే ఫిర్యాదుల విభాగానికి అధిపతి. ఆరేళ్లుగా ఆ కుర్చీ మీదే అతని కన్ను. అందుకే ల్యాప్‌టాప్‌ని ముందే సిద్ధం చేశాడు. నెట్ వైరు గుచ్చి ఉంటే ఆఫీసు ప్రొఫైల్ నడుస్తుంది. ఊడితే దానంతటదే వైఫైకీ ఇంటి ప్రొఫైల్‌కీ మారిపోతుంది. ఇంటి ప్రొఫైల్ అంటే బొమ్మా మాటా హాల్లోని టీవీకి వెళ్లిపోవడం, మనవరాలితో అత్తగారి కబుర్ల కోసం టీవీ మీద పెట్టిన కెమెరాతో సహా. వైరు కొసన క్లిప్పు విరిగిన సంగతి మాత్రం ముందుజాగ్రత్త చూసుకోలేదు.

"కోపంగా ఉన్న కస్టమరుతో ఎలా మాట్లాడతారు?" అని అడిగారు డైరెక్టరుగారు. అతను ఉత్సాహంగా ముందుకు వంగాడు. మోచేయి తగిలి వైరు ఊడింది. తెర నల్లబడింది.

హాల్లో కూరగాయలు తరుగుతున్న అత్తగారికి టీవీలో టై కట్టుకున్న పెద్దమనిషి ప్రత్యక్షమయ్యాడు. వెనక గోడ మీద తమ ఇంట్లో ఉన్న మెషీను బొమ్మే. నాలుగు రోజులుగా కంపెనీ వాళ్ల కోసం ఎదురుచూస్తున్న ఆవిడ కత్తి పక్కన పెట్టింది.

"వచ్చావా నాయనా! మీ మిషను నాలుగు రోజుల్నుంచి నీళ్లు కక్కుతోంది. దుప్పట్లు చేత్తో పిండి పిండి నా భుజాలు పడిపోయాయి!"

అభ్యర్థి తెలివిగా ఎవరినో కస్టమరుగా నటింపజేస్తున్నాడనుకుని డైరెక్టరుగారు మురిసిపోయారు. "భలే! ఇంకా తిట్టండమ్మా."

ఇవతల గదిలో ముందుజాగ్రత్త చెమటలు తుడుచుకుంటూ వైరు గుచ్చాడు. డైరెక్టరుగారు కనబడగానే కంఠతా పట్టిన జవాబు అందుకున్నాడు. "ముందు ఐదు పేజీల ఫారం ఇస్తానండి. నేనే రాశాను. నింపేసరికి ఎంతటి కోపమైనా చల్లారిపోతుంది." గర్వంగా వెనక్కి వాలాడు. వైరు మళ్లీ ఊడింది.

"ఎక్కడికి పోయావు నాయనా? మా అల్లుడూ మీ కంపెనీయే. ఆయనకి చెబితే 'ఫారం నింపండి అత్తయ్యగారూ' అని ఐదు పేజీలు చేతిలో పెట్టారు. రెండో పేజీలో నాకు ఏడుపొచ్చింది." ఆవిడ గొంతు నిజంగానే జీరబోయింది.

ఇది నటన కాదని డైరెక్టరుగారికి అర్థమైంది. మళ్లీ వైరు గుచ్చేసరికి ఆయన ముఖంలో నవ్వు లేదు.

"ఇంట్లో అత్తగారికి కూడా ఫారమేనా?"

"వైరు ఊడితే హాల్లో టీవీకి పోతుందండీ" అని ముందుజాగ్రత్త నసిగాడు.

"మీకు ఈ పదవి ఇవ్వాలో వద్దో ఆవిడే చెబుతారు. ఆ వైరు పీకేసి, వెళ్లి అడగండి. నేను చూస్తుంటాను."

వైరు పీకి హాల్లోకి పరుగెత్తాడు. పిండి పిండి ఎర్రబడ్డ ఆవిడ అరచేతులు అప్పుడే చూశాడు. సిగ్గేసింది.

"తప్పయింది అత్తయ్యగారూ. మిషను ఇప్పుడే బాగుచేస్తాను. నా గురించి సారుకి ఒక్క మంచి ముక్క చెప్పండి."

అత్తగారు టీవీ వంక చూసింది, అల్లుడి వంక చూసింది, బల్ల మీది కాగితాలు అతని ముందుకు నెట్టింది.

"దానికేం అల్లుడుగారూ, తప్పకుండా చెబుతాను. ముందు ఈ ఫారం నింపండి."

టీవీలో డైరెక్టరుగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. మొదటి పేజీ పూర్తికాకముందే, ఆ ఫారం రాసినవాడికి ఏడుపొచ్చింది.